ఫుట్‌బాల్ ఉన్న కాలేజీయే కావాలన్నావుగా, ఇదిగో లెక్క

ఒరేయ్ చిన్నా,

అమెరికన్ ఫుట్‌బాల్ మోజులో నువ్వు మిషిగన్ యూనివర్సిటీ తప్ప ఇంకో కాలేజీ పేరెత్తనివ్వడం లేదని నిన్న మీ అమ్మ ఫోన్ చేసి గంటసేపు మొరపెట్టుకుంది. నీ మోజు నాకు తెలీక కాదు. లక్షా ఏడు వేల మంది పట్టే స్టేడియం, శనివారం వచ్చిందంటే ఊరంతా ఒకే రంగు చొక్కాలు, అచ్చం మన తిరునాళ్లే. కానీ అది ఆ రాష్ట్ర ప్రభుత్వ కాలేజీ, బయటివాళ్లకి ఫీజు ఎక్కువ. వేరే రాష్ట్రం నుంచి వెళ్లేవాడికి అక్కడ ఫీజు, తిండీ, బసా కలిపితే ఏడాదికి 70 వేల డాలర్లు దాటుతుంది. నాలుగేళ్లకి హెచ్చవేసి మీ నాన్నకి చూపించు, చూపించేముందు పక్కన గ్లాసుడు మంచినీళ్లు పెట్టుకో.

ఫుట్‌బాల్ పిచ్చి ఉన్న ఊళ్లన్నీ ఇంత ఖరీదు కావురా. మిషిగన్ లాంటి వాటికి బయటి పిల్లలు ఎలాగూ క్యూ కడతారు, ఇక ఫీజు తగ్గించే ఖర్మ వాళ్లకేంటి? అలబామా యూనివర్సిటీ దారి వేరు. అక్కడ చదివేవాళ్లలో సగానికి పైగా బయటి రాష్ట్రాల పిల్లలే, ఎందుకంటే జీపీఏ (మార్కుల సగటు, నాలుక్కి) ఇంత, ఎస్ఏటీ ప్రవేశ పరీక్ష స్కోరు ఇంత ఉంటే స్కాలర్‌షిప్ ఇంత అని పట్టిక వేసి వెబ్‌సైట్లోనే పెట్టేస్తారు, ఎవరి దయ కోసమూ ఎదురుచూడక్కర్లేదు. స్టేడియం అంటావా, అక్కడా లక్ష మంది పడతారు. కాకపోతే ఎవరో రెండేళ్ల కిందట పెట్టిన స్క్రీన్‌షాట్ నమ్మకు, ఈ ఏడాది పట్టిక, దాని గడువు నువ్వే చూసుకో. ఇదే పద్ధతిలో మిసిసిపీ స్టేట్ యూనివర్సిటీ కూడా చూడు. అక్కడ ప్రేక్షకులంతా ఆవు గంటలు పట్టుకొచ్చి వాయిస్తారు, మీ అమ్మమ్మ చూస్తే హారతి టైమైందనుకుంటుంది.

నువ్వు కాలిఫోర్నియా వాడివి కాబట్టి నీకు ఇంకో దారి ఉంది, నీ ఫ్రెండ్స్‌లో సగం మందికి దాని పేరే తెలీదు. వెస్టర్న్ అండర్‌గ్రాడ్యుయేట్ ఎక్స్ఛేంజ్ అంటారు. పడమటి రాష్ట్రాల మధ్య ఒప్పందం అది. అందులో చేరిన కాలేజీ నిన్ను తీసుకుంటే, అక్కడి పిల్లలు కట్టే ట్యూషన్‌కి ఒకటిన్నర రెట్లు మించి నీ దగ్గర వసూలు చెయ్యకూడదు. ఐడహోలోని బోయిసీ స్టేట్ యూనివర్సిటీలో ఈ రేటు ఉంది, 1986 నుంచి నీలం రంగు మైదానం మీద ఆడేది వాళ్లే. వ్యోమింగ్ యూనివర్సిటీలో ఉంది, 7,220 అడుగుల ఎత్తున స్టేడియం, మెట్లెక్కితేనే ఆయాసం వస్తుంది. అయితే కొన్ని చోట్ల సీట్లు పరిమితం, కొన్ని మేజర్లకి (ప్రధాన సబ్జెక్టులకి) ఈ రేటు వర్తించదు, నీకు కంప్యూటర్ సైన్స్ కావాలి కాబట్టి అది ముందే ఈమెయిల్ పెట్టి అడుగు. జవాబు రాతలో ఉండాలి, ఫోన్లో ఎవరో సరే అన్నారంటే కుదరదు.

రాతలో అని ఎందుకంటున్నానంటే, మా వాడి సంగతి నీకు పూర్తిగా తెలీదు. మొదటి ఏడాది స్కాలర్‌షిప్ అంకె చూసి మేం స్వీట్లు పంచాం, కింద చిన్న అక్షరాల్లో 3.0 జీపీఏ నిలబెట్టుకోవాలని ఉన్నది ఎవరం చదవలేదు. కాల్క్యులస్, ఫిజిక్స్ కలిసి వాణ్ణి 2.9కి దించాయి. రెండో ఏడాది బిల్లు వచ్చిన రోజు మీ అత్తయ్య పొయ్యి మీద పప్పు మాడిపోయినా లేవలేదు. కాబట్టి స్కాలర్‌షిప్ ఎంత అన్నది తర్వాత, అది నాలుగేళ్లూ ఉంటుందా, జీపీఏ ఎంతకి తగ్గితే పోతుంది, పోతే మళ్లీ ఇస్తారా, ముందు ఇవి చూడు.

ప్రతి కాలేజీ సైట్లోనూ నెట్ ప్రైస్ క్యాలిక్యులేటర్ ఉంటుంది, సాయం పోను మీకు నిజంగా ఎంత పడుతుందో లెక్క చెప్పేది, 2011 నుంచి అది ఫెడరల్ రూల్. అందులో మీ నాన్న జీతం దాచకుండా వెయ్యి. విమానం టికెట్లు అందులో సరిగ్గా తేలవు, అవి నువ్వు కలుపుకో. అలబామా యూనివర్సిటీ ఉన్న టస్కలూసా వెళ్లాలంటే బర్మింగ్‌హామ్‌లో దిగి ఇంకో గంట కారు ప్రయాణం. నువ్వు అమెరికాలోనే పుట్టావు కాబట్టి ఫెడరల్ సాయానికి పెట్టే ఫాఫ్సా ఫారం నింపొచ్చు, హెచ్-4 (తల్లిదండ్రుల ఉద్యోగ వీసా మీద వచ్చే వీసా) మీద ఉన్న నీ ఫ్రెండ్‌కి ఫెడరల్ సాయం రాదు, పైగా ఇరవై ఒకటి నిండితే ఆ వీసా ఉండదు. వాడు స్కాలర్‌షిప్ అడిగేటప్పుడు సిటిజన్లకే ఇస్తారా అని ముందు కనుక్కోవాలి, ఆ మాట వాడికి చెప్పు.

ఇక కాలేజీ చూడ్డానికి వెళ్లడం గురించి. మా వాడి కోసం మేం మ్యాచ్ రోజే వెళ్లాం, బుద్ధి తక్కువై. హోటల్ రేటు మూడింతలు. మీ అత్తయ్య స్టీలు డబ్బాలో పులిహోర తెచ్చింది, గేటు దగ్గర చిన్న పారదర్శకం సంచి తప్ప లోపలికి ఏదీ రాదని తిప్పి పంపారు. పార్కింగ్‌లో కారు డిక్కీ మీద పెట్టుకుని తింటుంటే పక్క టెంటు వాళ్లు వాళ్ల చికెన్ ఇచ్చి పులిహోర అడిగి పెట్టించుకున్నారు, మిరపకాయ కొరికిన పెద్దాయన కళ్లు ఇంకా గుర్తున్నాయి. ఆ ఆనందంలో మా వాడు అక్కడే చేరతానన్నాడు, మేమూ సరే అన్నాం. సొంత ఊళ్లో మ్యాచ్‌లు ఏడాదికి ఆరో ఏడో, మిగతా రోజులు ఆ ఊళ్లో ఏముంటుందో మేం చూడనే లేదు. నువ్వు మాత్రం ఫిబ్రవరిలో ఓ మంగళవారం వెళ్లు. లైబ్రరీలో కూర్చో, మెస్‌లో తిను, రాత్రి ఎనిమిదింటికి బయటికి నడిచి చూడు.

ఎనిమిది కాలేజీలు రాసి ఎక్సెల్ షీట్ ఆదివారానికి పంపు. మిషిగన్ కూడా పెట్టుకో, మీ అమ్మకి చెప్పనులే.

మీ మామయ్య