కార్ట్రిడ్జ్ ఇన్సులిన్‌ను ఎర్ర మూత సిరంజితో తీయవచ్చా?

ప్రశ్న: మాది అమలాపురం దగ్గరి పల్లెటూరు. మా నాన్నగారికి ఉదయం 20, రాత్రి 12 యూనిట్ల 30/70 ఇన్సులిన్ నేనే ఇస్తుంటాను. ఈసారి సీసా లేదని షాపులో ఇన్సులిన్ పెన్నులో వేసే కార్ట్రిడ్జ్ (చిన్న మందు గొట్టం) ఇచ్చారు. ఇంట్లో ఉన్న ఎర్ర మూత సిరంజితోనే దాన్ని తీసి ఇవ్వవచ్చా? కరెంటు పోయినప్పుడు మందు పాడవకుండా ఎలా దాచాలి?
- ఒక పాఠకురాలు

జవాబు: ఆ పని మాత్రం చేయకండమ్మా. ఎర్ర మూత సిరంజి మీది గీతలు మిల్లీలీటరుకు 40 యూనిట్లుండే సీసా మందుకు లెక్కకట్టి వేసినవి; కార్ట్రిడ్జ్‌లో అదే మిల్లీలీటరుకు 100 యూనిట్లుంటాయి. కాబట్టి 20 గీత దాకా తీస్తే వచ్చేది అర మిల్లీలీటరు, అంటే 50 యూనిట్లు. ఇవ్వవలసిన దానికి రెండున్నర రెట్ల మందు ఒంట్లోకి వెళ్తే షుగరు పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. పొరపాటున ఇప్పటికే ఇచ్చి ఉంటే ఆయనను ఒంటరిగా వదలక, వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి. ఇవ్వలేదంటే కార్ట్రిడ్జ్‌ను తిరిగి ఇచ్చి, అదే 30/70 రకంలో మిల్లీలీటరుకు 40 యూనిట్లుండే సీసా అడగండి. దొరక్కపోతే డాక్టరుగారిని అడిగి ఆ కార్ట్రిడ్జ్‌కు సరిపోయే పెన్ను తీసుకుని, వాడే పద్ధతి ఆయన దగ్గరే చేసి చూపించుకోండి. ఇకపై సీసా మీది అంకెను, సిరంజి మీది అంకెను పక్కపక్కన పెట్టి చూశాకే మందు తీయండి.

30/70 మందులో పదింట ఏడు పాళ్లు నిదానంగా పనిచేసే తెల్లని మందు, అది అడుగున పేరుకుంటుంది. అందుకే సీసాను అరచేతుల మధ్య పదిసార్లు దొర్లించి, పదిసార్లు మెల్లగా తలకిందులు చేసి, అంతా ఒకే తీరుగా పాలలా కనిపించాకే తీయాలి. గట్టిగా కుదిపితే బుడగలు చేరి మోతాదు తప్పుతుంది. గ్లార్జిన్ వంటి రోజంతా పనిచేసే మందు దీనికి భిన్నం, అది నీళ్లలా తేటగానే ఉండాలి, దాన్ని మరో ఇన్సులిన్‌తో ఒకే సిరంజిలో కలపకూడదు. 30/70 సూది వేశాక అరగంటలో ఆయన తప్పక భోజనం చేయాలి. పొట్ట మీద బొడ్డు చుట్టూ రెండు వేళ్ల మేర వదిలి, ప్రతిసారీ చోటు కాస్త జరిపి వేయండి.

తెరవని సీసాలు ఫ్రిజ్‌లో ఉండాలి, ఫ్రీజరులో మాత్రం కాదు. ఒకసారి గడ్డకట్టిన మందు ఇక పనికిరాదు. వాడుతున్న సీసా చల్లని చోట నాలుగు వారాలు నిలుస్తుంది. ఎండాకాలంలో కరెంటు పోతే, తడి ఇసుక పోసిన కొత్త కుండలో చిన్న ముంత పెట్టి, సీసాను ప్లాస్టిక్ కవరులో చుట్టి అందులో ఉంచి, నీడన పెట్టండి.

చెమటలు, వణుకు, తికమక కనిపిస్తే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి, పావుగంట తర్వాత షుగరు చూడండి. ఆత్రేయపురం పూతరేకు తీపిదే అయినా, నెయ్యి ఉండడం వల్ల ఆ సమయానికి త్వరగా పనిచేయదు. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయక 108కి ఫోను చేయండి.