సర్వేకి వచ్చినవాళ్లకి మన ఇంటి లెక్కలు ఎందుకు చెప్పాలి?

ప్రశ్న: మాది నారాయణపేట జిల్లాలో చిన్న ఊరు. రెండేళ్లుగా ఒక యూనివర్సిటీ తరఫున ఇద్దరు కుర్రాళ్లు నెలనెలా మా ఇంటికి వస్తున్నారు. బోరు ఎన్ని గంటలు నడిచింది, యూరియా ఎన్ని బస్తాలు వేశారు, అప్పు ఎవరి దగ్గర తెచ్చారు, మేకలు ఎన్ని, అన్నీ అడుగుతారు. మా నాన్నకి విసుగొచ్చేసింది. స్కీమూ రాదు, లోనూ రాదు. ప్రభుత్వ డబ్బుతో చేసే ఈ రీసెర్చి వల్ల మాకు ఒరిగేదేంటి? చెప్పం పొమ్మంటే ఏమైనా అవుతుందా?
– ఒక రైతు కొడుకు

జవాబు: ముందు మీ చివరి ప్రశ్న. ఏమీ కాదు. ఇలాంటి పరిశోధన సర్వేకి జవాబు చెప్పడం, చెప్పకపోవడం పూర్తిగా మీ ఇష్టం, మధ్యలో ఆపేయొచ్చు కూడా. మీ రేషన్ కార్డుకీ పింఛనుకీ దానితో సంబంధం లేదు, ఆ టెన్షన్ పెట్టుకోకండి.

కానీ ఆపెయ్యమని నాన్నగారికి చెప్పేముందు మీ పాత పాలమూరు జిల్లాలోనే జరిగిన సంగతి ఒకటి వినండి. పటాన్‌చెరులో ఇక్రిశాట్ ఉంది కదా, 1972లో పెట్టారు, రకరకాల దేశాల ప్రభుత్వాలు ఇచ్చే డబ్బుతో నడిచే మెట్ట పంటల పరిశోధన సంస్థ. వాళ్లు 1975లో ఆరు ఊళ్లు ఎంచుకున్నారు. ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో ఔరేపల్లి, దోకూర్, మహారాష్ట్రలో షోలాపూర్ వైపు రెండు, అకోలా వైపు రెండు. ఊరికి 40 ఇళ్లు, అందులో పది భూమి లేని కూలీలవి, మిగతా ముప్పై చిన్న, మధ్య, పెద్ద రైతులవి. లెక్కలు రాసుకునే మనిషి ఆ ఊళ్లోనే కాపురం ఉండి మూడు నాలుగు వారాలకోసారి ప్రతి ఇంటికీ వెళ్లి, ఇప్పుడు మీ నాన్నగారిని అడుగుతున్న ప్రశ్నలే అడిగేవాడు. ఇలా దాదాపు పదేళ్లు నడిచింది, ఆపి మళ్లీ 2001లో మొదలుపెట్టారు. వాళ్లకీ విసుగొచ్చే ఉంటుంది!

ఆ విసుగులోంచి ఏం వచ్చిందో చూడండి. అప్పట్లో చాలామంది చదువుకున్నవాళ్ల అభిప్రాయం ఏంటంటే, పేద రైతు పిరికివాడు, కొత్త విత్తనం వెయ్యడానికి భయపడతాడు, అందుకే బాగుపడడు అని. హాన్స్ బిన్స్‌వాంగర్ అనే ఆర్థికవేత్త దీన్ని బొమ్మా బొరుసు ఆటతో పరీక్షించారు. ఊళ్లో జనానికి నిజం డబ్బే ఇచ్చి ఆడించారు, అర్ధరూపాయి ఆటతో మొదలుపెట్టి యాభై రూపాయల దాకా. ఏ ముఖం పడినా 50 రూపాయలు కావాలా, లేక బొమ్మ పడితే 45, బొరుసు పడితే 95 కావాలా, ఇలా పెంచుకుంటూ చివరికి బొమ్మ పడితే సున్నా, బొరుసు పడితే 200 అనేదాకా. పెద్ద పందెంలో గెలిస్తే వచ్చేది కూలిమనిషి నెల సంపాదన కన్నా ఎక్కువ. 1980లో అచ్చయిన ఫలితం ఏంటంటే, పందెం పెద్దదయ్యేకొద్దీ దాదాపు అందరూ, ఉన్నవాళ్లూ లేనివాళ్లూ, మధ్యరకం జాగ్రత్తే పడ్డారు. ఆస్తిని బట్టి భయంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. మరి పెద్ద రైతు కొత్త విత్తనం వేసి చిన్న రైతు ఎందుకు వెయ్యట్లేదంటే, పెద్ద రైతుకి అప్పు పుడుతుంది, ఎరువు సమయానికి దొరుకుతుంది. చిన్న రైతుకి ధైర్యం గురించి ఉపన్యాసాలు అక్కర్లేదు, పంట రుణం కావాలి. ఈ మాట మీరూ నేనూ అంటే ఎవరూ వినరు, లెక్కతో చూపిస్తే కాదనడం కష్టం.

ఇంకోటి. రాబర్ట్ టౌన్‌సెండ్ అనే ఇంకో ఆర్థికవేత్త ఔరేపల్లితో కలిపి మూడు ఊళ్ల లెక్కలు తీసుకుని చూసి 1994లో రాశారు. ఒక ఇంట్లో రాబడి పడిపోతే ఆ ఇంటి తిండి ఖర్చు అంతగా పడిపోవట్లేదు, ఊరందరి సగటుతో పాటే నడుస్తోంది. చేబదుళ్లు, చుట్టాల సాయం, కూలి పని, ఏదో ఒక దారిలో ఊరు మనిషిని కాస్తోంది. అయితే ఆ మూడు ఊళ్లలో ఒకదాంట్లో భూమి లేనివాళ్లకి ఆ కాపుదల తక్కువ. నన్నడిగితే ఇందులో మనం పట్టుకోవాల్సింది ఇదీ: ఒక్క ఇంటికి కష్టమొస్తే ఊరు ఆదుకోగలదు, కరువొస్తే ఊరంతా ఒకేసారి మునుగుతుంది, అప్పుడు సాయం బయటినుంచే రావాలి.

మేకల లెక్క ఎందుకంటారా? ఇక్రిశాట్‌లోనే పనిచేసిన ఎన్.ఎస్. జోధా ఏడు రాష్ట్రాల్లోని మెట్ట ప్రాంతాల్లో 80కి పైగా ఊళ్లు తిరిగి, పోరంబోకు, బంచరాయి, చెరువు శిఖం లాంటి ఉమ్మడి భూముల గురించి 1986లో రాశారు. పేద ఇళ్ల రాబడిలో 14 నుంచి 23 శాతం దాకా అక్కడి మేత, కట్టెలు, కాయల నుంచే వస్తోందని తేల్చారు. అంతకుముందు దాన్ని రాబడి కింద పెద్దగా ఎవరూ లెక్క వెయ్యలేదు. ఆ భూములు 1950ల నుంచి బాగా తరిగిపోయాయని, పేదల పేరు చెప్పి పంచినవాటిలో చాలా భాగం పేదలు కానివాళ్ల చేతికే చేరిందని కూడా చూపించారు. మేకలెన్ని అని అడక్కపోతే ఇది బయటపడేది కాదు.

ఇంత చెప్పాను కదా, ఇప్పుడు మీ కోపంలో న్యాయం ఉన్న చోటు. ఆర్థికశాస్త్రం చదివేవాళ్లకి ఎక్కడో విదేశాల్లో కూడా ఔరేపల్లి పేరు తెలుసు, కానీ ఆ పేపర్లన్నీ ఇంగ్లీషులోనే ఉంటాయి. చదువైన కొత్తలో నేను కూడా ఒక సర్వేలో ఏడాదిన్నర లెక్కలు రాశాను. ఒక ముసలమ్మ ప్రతిసారీ మజ్జిగ ఇచ్చి, "పోయినసారి చెప్పినయ్ ఏం చేసిన్రు బిడ్డా?" అని అడిగేది. నా దగ్గర జవాబు లేదు. రిపోర్టు ఆమెకీ అందలేదు, నాకూ అందలేదు. అది ఇప్పటికీ బాధే.

కాబట్టి వచ్చే నెల ఆ కుర్రాళ్లొచ్చినప్పుడు నాన్నగారిని ఈ ఒక్క మాట అడగమనండి: పోయిన ఏడాది మా ఊరి లెక్కలు, పేర్లు తీసేసి, తెలుగులో, ఒక్క పేజీ అయినా సరే, పంచాయతీ ఆఫీసు గోడకి అంటించండి అని. ఊళ్లో సగటున ఎకరానికి ఖర్చెంత, వడ్డీ ఎంత కడుతున్నారు, ఎన్ని బోర్లు ఎండాయి, ఇవి ఊరికి పనికొచ్చే సంగతులే. కుర్రాళ్ల మీద విసుక్కోకండి, వాళ్లు చిన్న జీతగాళ్లు. వాళ్ల పైన ఉండే ప్రొఫెసర్ ఫోన్ నంబరు తీసుకోండి. ఆ యూనివర్సిటీ ప్రభుత్వానిదైతే సమాచార హక్కు చట్టం కింద, ఖర్చెంత, రిపోర్టు ఏది అని దరఖాస్తు కూడా పెట్టొచ్చు.

ప్రశ్న: ఎం.ఏ. ఎకనామిక్స్ రెండో ఏడాది. చెరువులు, భూగర్భజలాల మీద పీహెచ్‌డీ చెయ్యాలని ఉంది. ఇంట్లో డబ్బుల్లేవు. దారి చెప్పండి.
– ఒక విద్యార్థిని, గుంటూరు

జవాబు: యూజీసీ నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) తెచ్చుకోమ్మా, 2023 నుంచి నెలకి 37,000 రూపాయలు, ఇంటి అద్దె అదనం. అది రాకపోతే ఐసీఎస్ఎస్ఆర్ (సామాజిక శాస్త్రాల పరిశోధనకి డబ్బిచ్చే కేంద్ర సంస్థ) ఇచ్చే డాక్టోరల్ ఫెలోషిప్ ఉంది, డబ్బు తక్కువే. లెక్కల కోసం కొత్త సర్వేకి పరుగెత్తకు. జాతీయ నమూనా సర్వే వివరాలు, చిన్ననీటి వనరుల గణన, నేను పైన చెప్పిన ఇక్రిశాట్ ఊళ్ల లెక్కలు, ఇవన్నీ ఉచితంగా దొరుకుతాయి. శోధ్‌గంగ అనే వెబ్‌సైట్లో పాత థీసిస్‌లు చదువు, మన రాష్ట్రం మీదే బోలెడున్నాయి.

ప్రశ్న: నీళ్ల మీద రీసెర్చి చేసేవాళ్లంతా చివరికి ఉచిత కరెంటు తీసెయ్యమనే అంటారు. రైతు వైపు మాట్లాడినవాళ్లు ఒక్కరైనా ఉన్నారా?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: మీ జిల్లాలోనే ఉన్నారండీ. నెదర్లాండ్స్ ప్రభుత్వ డబ్బుతో, ఎఫ్ఏఓ (ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ) చూసుకోగా, 2010 దాకా ఉమ్మడి రాష్ట్రంలోని ఏడు కరువు జిల్లాల్లో రైతుల భూగర్భజల పథకం ఒకటి నడిచింది. అనంతపురం అందులో ఉంది. కరెంటు కొయ్యమనలేదు, బోరు మూయమనలేదు, సబ్సిడీ ఇస్తామని కూడా అనలేదు. రైతులకే వాన కొలిచే గిన్నె, బోర్లో నీటిమట్టం కొలిచే పరికరం ఇచ్చి, లెక్క నేర్పారు. రబీ ముందు ఊరంతా కూర్చుని, భూమిలో ఎన్ని నీళ్లున్నాయి, మనం అనుకున్న పంటలకి ఎన్ని కావాలి అని గోడ మీద రాసుకునేవాళ్లు. ఏ పంట వెయ్యాలో ఎవరికి వాళ్లే నిర్ణయించుకున్నారు, చాలాచోట్ల వరి కొంత తగ్గింది. మీ మండలంలో అప్పుడు కొలతలు తీసినవాళ్లు ఇంకా ఉండొచ్చు, కనుక్కోండి, ఆ నోట్‌బుక్కులు ఎవరి దగ్గరైనా ఉంటే పారెయ్యొద్దని చెప్పండి.