ఆగింది ఎవరి దగ్గర?

విజయనగరం

చిరంజీవికి, పెదనాన్న ఆశీస్సులు.

ముందు ఒక్క మాట. నువ్వు అడ్వాన్సిచ్చి కొనుక్కుంటున్న ఇంటికి అమ్మేవాళ్లు ఇప్పుడు అడుగుతున్న ఆ రెండు లక్షలు ఇవ్వకు. మిగతా ఉత్తరం తీరిక దొరికినప్పుడు చదువుకున్నా పర్వాలేదు.

"రిజిస్ట్రేషన్ ఎలాగూ లేటవుతోంది కదా, ఇంకొంచెం సర్దండి, కావాలంటే ఇంట్లో దిగిపోండి" అన్నారని చెప్పావు. వినడానికి మర్యాదగానే ఉంది. కానీ ఆలస్యం వాళ్లది అయినప్పుడు డబ్బు నీ జేబులోంచి ఎందుకు కదలాలి? అగ్రిమెంటు రాసుకున్నంత మాత్రాన ఇల్లు నీది కాదు. క్రయ దస్తావేజు రిజిస్టరయ్యే దాకా నీ డబ్బు వాళ్ల చేతిలో ఉంటుంది, ఇల్లూ వాళ్ల పేరునే ఉంటుంది.

సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు బయట బల్ల వేసుకుని దస్తావేజులు రాసి బతికినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను. జనం "రిజిస్ట్రేషన్ లేటవుతోంది" అని ఒకే మాట అనేస్తారు. ఆ ఒక్క మాట కింద నాలుగు రకాల ఆలస్యాలు ఉంటాయి. వాళ్ల కుటుంబంలో ఆగిందా, రెవెన్యూలో ఆగిందా, రిజిస్ట్రార్ దగ్గర ఆగిందా, బ్యాంకులో ఆగిందా అన్నది తేల్చుకోవాలి. కొన్నింటికి ఓపిక పట్టాలి, కొన్నింటికి నోటీసు ఇవ్వాలి, ఒకటి రెండింట్లో అడ్వాన్సు వెనక్కి తీసుకుని బయటపడాలి. అందుకే "ఎప్పుడవుతుంది?" అని అడగడం మానెయ్. ఆ ప్రశ్నకు "వచ్చే వారం" అనే జవాబు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. "ఎవరి దగ్గర ఆగింది, ఏ కాగితం కోసం?" అని అడుగు.

రిజిస్ట్రార్ ఆఫీసులో అయ్యే ఆలస్యం అన్నింటికన్నా చిన్నది. సర్వర్ పనిచేయకపోవడం, స్లాట్ దొరకకపోవడం, మంచి ముహూర్తం రోజున జనం విరగబడటం, ఇలాంటివే. భూముల విలువలు పెంచుతారన్న వార్త వస్తే ఇక చెప్పనక్కర్లేదు, 2025 ఫిబ్రవరి 1 నుంచి కొత్త విలువలు అన్నప్పుడు అంతకుముందు రోజుల్లో కాలు పెట్టే చోటు లేదు. శ్రావణం, మాఘం కోసం కాచుకోకుండా ఆషాఢంలో వెళ్తే ఆఫీసు ఖాళీగా ఉంటుంది. ముహూర్తం గృహప్రవేశానికి పెట్టుకోండి, రిజిస్ట్రేషన్‌కి కాదు. మీ అమ్మ ఒప్పుకోదని తెలుసు, అయినా చెప్పి చూడు.

ఈ ఆఫీసు ఆలస్యానికి చట్టంలోనే వెసులుబాటు ఉంది. దస్తావేజు మీద సంతకాలైన రోజు నుంచి 4 నెలల్లోగా దాన్ని రిజిస్ట్రేషన్‌కి దాఖలు చేయవచ్చు. తప్పనిసరి కారణం ఉంటే జిల్లా రిజిస్ట్రార్ అనుమతితో మరో 4 నెలలు, అయితే రిజిస్ట్రేషన్ ఫీజుకి 10 రెట్ల దాకా జరిమానా పడవచ్చు. దాఖలు చేశాక ఏదో తక్కువైందని పెండింగ్‌లో పెడితే ఆ పెండింగ్ నంబరు రాసుకో. కుదరదు అంటే నోటి మాటతో వెనక్కి రావద్దు. నిరాకరిస్తే కారణం రాతపూర్వకంగా ఇవ్వాలి, అడిగితే దాని నకలు ఉచితంగా ఇవ్వాలి. ఆ రోజు నుంచి 30 రోజుల్లోగా జిల్లా రిజిస్ట్రార్‌కి అప్పీలు చేసుకోవచ్చు. అక్కడా కాదంటే మరో 30 రోజుల్లోగా సివిల్ కోర్టుకి వెళ్లవచ్చు. రాతలో కారణం అడగ్గానే సగం అభ్యంతరాలు అక్కడికక్కడే సర్దుకోవడం కళ్లారా చూశాను.

ఇక నీ విషయానికొస్తే, ఆ ఇల్లు వాళ్ల నాన్నగారి పేరున ఉంది, ఆయన వీలునామా రాయకుండా పోయారు, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు, ఆమె కువైట్‌లో ఉంది. అన్నదమ్ములిద్దరూ "చెల్లికి కట్నం, బంగారం అప్పుడే ఇచ్చేశాం, ఆమె సంతకం ఫార్మాలిటీ" అంటున్నారు. ఫార్మాలిటీ కాదు. ఆయన స్వార్జితమైన ఇల్లు అయితే భార్య, కొడుకులు, కూతురు అందరికీ సమాన వాటా. పిత్రార్జితమైనా మన రాష్ట్రంలో 1985 నుంచి పెళ్లికాని కూతుళ్లకి, హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణ తర్వాత పెళ్లైనవాళ్లకి కూడా కొడుకులతో సమానంగా హక్కు ఉంది. కట్నం ఇచ్చాం అన్నది పెళ్లి పందిట్లో చెప్పుకోవాలి, దస్తావేజులో దానికి చోటు లేదు. ఆవిడ సంతకం లేకుండా కొంటే పదేళ్ల తర్వాత ఆమె పిల్లలు వచ్చి గుమ్మంలో నిలబడతారు. తల్లిగారు ఉన్నారా అని కూడా కనుక్కో, నువ్వు ఆ సంగతి చెప్పలేదు.

కాబట్టి తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం ముందు చూపించమను. అందులో ఉన్న ప్రతి ఒక్కరూ సంతకం పెట్టాలి. కువైట్ నుంచి ఆవిడ రాలేకపోతే అక్కడి భారత రాయబార కార్యాలయంలో, వాళ్ల ఎదుట, అన్నల్లో ఒకరి పేరున జీపీఏ, అంటే తన తరఫున సంతకం పెట్టే అధికారపత్రం, రాసి పంపాలి. ఆ కాగితం ఇండియాకి చేరిన 3 నెలల్లోగా ఇక్కడ జిల్లా రిజిస్ట్రార్ దగ్గర స్టాంపు డ్యూటీ కట్టించాలి. చాలామంది ఈ గడువు చూసుకోరు, కవరు బీరువాలో పెట్టి మర్చిపోతారు, మళ్లీ మొదటికొస్తుంది. వాట్సాప్‌లో స్కాన్ వచ్చింది కదా అంటే చెల్లదు, ఒరిజినల్ కావాలి. ఇక్కడ నోటరీ చేయించిన తెల్లకాగితం జీపీఏలు అసలే ముట్టుకోవద్దు. జీపీఏ, అగ్రిమెంట్ల మీద జరిపే అమ్మకాలతో యాజమాన్యం మారదని 2011లో సుప్రీంకోర్టు తేల్చింది.

ఆమె ఎన్నారై కాబట్టి ఇంకో చిక్కు. ఇక్కడివాళ్ల దగ్గర కొంటే ధర 50 లక్షలు, ఆ పైన అయినప్పుడు 1 శాతం టీడీఎస్, అంటే ఇచ్చే డబ్బులోంచి ముందే మినహాయించి కట్టే పన్ను, పట్టుకుంటే సరిపోతుంది. విదేశంలో ఉన్నవాళ్ల వాటాకి ఆ 50 లక్షల పరిమితి వర్తించదు, రేటూ ఎక్కువే. పట్టుకోకపోతే ఇన్‌కంటాక్స్ వాళ్లు అడిగేది కొన్నవాణ్ణి. డబ్బులిచ్చే ముందే ఆడిటర్‌ని కలువు.

ఇవన్నీ ఓపిక పడితే తీరేవి. నాకు భయమున్నది 22-ఏ సంగతి.

సర్వే నంబరు 22-ఏలో పడిందని, తీయిస్తున్నామని వాళ్లే అన్నారు కదా. అది ప్రభుత్వం రిజిస్ట్రేషన్ చేయవద్దని పెట్టిన నిషేధిత భూముల జాబితా. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో గ్రామం, సర్వే నంబరు కొట్టి నువ్వే చూసుకోవచ్చు, ఎవరినీ బతిమాలక్కర్లేదు. చూడాల్సింది పడిందా లేదా అని మాత్రమే కాదు, ఎందుకు పడిందన్నది. ఒక సర్వే నంబరులో ఏదో మూల కొంత ప్రభుత్వ బంజరు ఉంటే సబ్ డివిజన్ చేయకుండా మొత్తం నంబరునే జాబితాలో ఎక్కించేసిన కేసులు కొల్లలు. నీది అదే అయితే తీరుతుంది. అమ్మేవాళ్లు కలెక్టరుకి దరఖాస్తు పెట్టుకుంటే తహసీల్దారు, ఆర్డీవో రిపోర్టులు వెళ్లి తొలగిస్తారు. సోమవారం కలెక్టరేట్లో అర్జీలు తీసుకుంటారు, దరఖాస్తు నంబరు ఇస్తారు. ఆ నంబరు నీకు చెప్పమను. చెప్పలేకపోతే దరఖాస్తే పెట్టలేదని అర్థం.

అదే దేవాదాయ భూమి అని పడిందనుకో, ఆగకు, వచ్చెయ్. మన విజయనగరం, విశాఖ జిల్లాల్లో దేవుడి మాన్యాలు, ట్రస్టు భూములు తక్కువేమీ కాదు. సింహాచలం దేవస్థానం, విజయనగరం రాజుల మాన్సాస్ ట్రస్టు పేర్లు రికార్డులో కనిపించాయంటే అది నీ జీతంతో, నీ సెలవులతో తేలే వ్యవహారం కాదు. డి-పట్టా, అంటే ప్రభుత్వం పేదలకి పంచిన అసైన్డ్ భూమైనా అంతే. 1977 చట్టం ప్రకారం అవి అమ్మడానికి వీల్లేనివి. 20 ఏళ్లు దాటినవాటికి హక్కులిస్తూ 2023లో సవరణ తెచ్చారు, ఆ మరుసటి ఏడాదే ఆ రిజిస్ట్రేషన్లు ఆపారు. "ఫ్రీహోల్డ్ అయిపోయింది సార్, అమ్ముకోవచ్చు" అన్న మాట మీద పైసా పెట్టకు.

ఆ ఊళ్లో రీసర్వే అయిందేమో కూడా కనుక్కో. అయిన చోట పాత సర్వే నంబరు పోయి ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సిల్ మ్యాప్) నంబరు వచ్చి ఉంటుంది. ఇద్దరు ముగ్గురి భూమిని కలిపి జాయింట్ ఎల్‌పీఎం ఇచ్చినచోట విడగొట్టించుకోకపోతే తర్వాత తలనొప్పి. ఆ ఊరి సచివాలయంలో సర్వేయరు ఉంటాడు, అడుగు. ఈసీ, అంటే ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్లు చూపించే పత్రం, తీసేటప్పుడు పాత నంబరుతో ఒకసారి, కొత్త నంబరుతో ఒకసారి వెతికించు. ఆన్‌లైన్‌లో 1983 నుంచే దొరుకుతుంది. బ్యాంకు లాయరు అంతకన్నా పాతది అడిగితే ఆఫీసులో పుస్తకాలు తిప్పించాల్సిందే, దానికి కొంచెం టైము పడుతుంది, ముందే అప్లై చెయ్.

చిన్న తప్పులు కూడా పెద్ద పనుల్ని ఆపుతాయి. దస్తావేజులో అప్పలనాయుడు, ఆధార్‌లో అప్పల్నాయుడు, పాన్ కార్డులో ఇంటిపేరు చివర. మన వైపు ఇది ఇంటింటి కథ. కొలతలూ అంతే. దస్తావేజులో 4 సెంట్లు అని ఉంటుంది, అంటే 193.6 గజాలు. ఇంటి పన్ను రసీదులో 200 గజాలని ఉంటుంది. ఆ ఆరు గజాలు ఎక్కణ్ణుంచి వచ్చాయని బ్యాంకు అడుగుతుంది. టేపు పట్టుకుని నువ్వే కొలిచి, హద్దులు నాలుగూ చూసుకుని, దస్తావేజు ముసాయిదాని వారం ముందే నాకు పంపు. నా కళ్లద్దాలు ఇంకా పనిచేస్తున్నాయి.

ఇక అగ్రిమెంటు. మీరు రాసుకున్న దాంట్లో రిజిస్ట్రేషన్ గడువు తేదీ ఉంది గానీ, గడువు దాటితే ఏమిటన్నది లేదు. అనుబంధ ఒప్పందం రాయించు: కొత్త గడువు, ఆలస్యానికి కారణం ఎవరిదో, గడువులో 22-ఏ తేలకపోతే అడ్వాన్సు ఎన్ని రోజుల్లో వెనక్కి ఇస్తారో, ఈలోపు ప్రభుత్వం విలువలు పెంచితే తేడా ఎవరు భరిస్తారో. ఆఖరిది చాలామందికి తట్టదు. స్టాంపు డ్యూటీ 5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ ఒకటిన్నర, రిజిస్ట్రేషన్ ఫీజు 1, మొత్తం ఏడున్నర శాతం. 40 లక్షల మీద 3 లక్షలు. నువ్వు కొన్న ధర, ప్రభుత్వ విలువ, రెండింట్లో ఏది ఎక్కువైతే దాని మీద కడతావు. కుదిరితే ఈ అగ్రిమెంటునే రిజిస్టరు చేయించు. ఈసీలో కనిపిస్తుంది, ఇంకొకరికి అమ్మాలన్నా వాళ్లకి తెలిసిపోతుంది.

ఎందుకింత పట్టుదల అంటావేమో. భోగాపురం ఎయిర్‌పోర్టు పుణ్యమా అని ఆ దారిలో ధరలు ఎక్కడికి పోయాయో నీకూ తెలుసు. ధర పెరిగిన చోట కొందరు అమ్మకందారులకి ఆలస్యమే లాభం. వీళ్లు అలాంటివాళ్లని నేననను. అయినా నీ వైపు నుంచి డబ్బు సిద్ధంగా ఉందని కాగితం మీద ఉండాలి. గడువు దాటే లోపే లాయరు చేత స్పీడ్ పోస్టులో ఒక నోటీసు పంపించు, "నేను సిద్ధం, మీరు ఫలానా కాగితాలు తేవాలి" అని, మర్యాదగానే. రేపు కోర్టుకెళ్లాల్సి వస్తే గడువు తేదీ నుంచి 3 ఏళ్లే టైము, అప్పుడు మొదట చూసేది నువ్వు సిద్ధంగా ఉన్నావా లేదా అనే. ఇప్పటిదాకా ఇచ్చింది బ్యాంకు ద్వారానే కదా? ఇకముందూ అంతే. స్థలం, ఇల్లు అమ్మకంలో 20,000 రూపాయలు, ఆ పైన నగదు తీసుకుంటే తీసుకున్నవాళ్లకి అంతే జరిమానా. నగదే కావాలని పట్టుబడితే ఈ మాట చెప్పు.

ఇంట్లో దిగమన్నారు, దిగకు. స్వాధీనం ఇచ్చినట్టు అగ్రిమెంటులో రాస్తే దాని మీద అమ్మకానికి పడినంత డ్యూటీ పడుతుంది. డ్యూటీ కట్టకుండా, రిజిస్టరు చేయకుండా ఉంచితే రేపు కోర్టులో అది నీకు అక్కరకు రాదు. పైగా దిగాక కోడలు ఊరుకుంటుందా, వంటగది గట్టు మార్చాలంటుంది, రంగులంటుంది. ఇంకొకరి ఇంటికి మరమ్మతులు చేసిపెట్టినట్టవుతుంది. అద్దె ఇంకో ఆరు నెలలు కట్టినా నష్టం తక్కువే.

బ్యాంకు లోను శాంక్షన్ లెటర్లో చెల్లుబాటు తేదీ చూసుకో, దాటేలా ఉంటే ముందే రాసి పొడిగించుకో. రిజిస్ట్రేషన్ రోజు ఖాయమయ్యే దాకా డీడీ తీయించకు, తీసిన రోజు నుంచి వడ్డీ మొదలవుతుంది.

ఇప్పటికి చేయాల్సింది, ఆ 22-ఏ పేజీ స్క్రీన్‌షాట్, ఈసీ, వాళ్ల నాన్నగారి దస్తావేజు, దాని లింకు డాక్యుమెంట్లు (అంతకుముందు చేతులు మారిన దస్తావేజులు) అన్నీ స్పష్టంగా ఫోటోలు తీసి నాకు పంపు. వెనక పేజీల స్టాంపులు కూడా పడాలి, జనం ఎప్పుడూ అవే వదిలేస్తారు. కువైట్ ఆవిడ నంబరు దొరికితే నువ్వే ఒకసారి ఫోన్ చేసి అమ్మకం సంగతి ఆమెకి తెలుసో లేదో కనుక్కో. ఆమె ఏమందో చెప్పాక అనుబంధ ఒప్పందం నేనే రాసి పంపుతాను.

మీ పెదనాన్న