ప్రొసెక్షన్ అంటే ఏమిటి, ఆ పేరు ఎక్కడిది?

డిసెక్షన్ అంటే దేహాన్ని కోసి చూడటమని తెలుసు, ఈ ప్రొసెక్షన్ ఏమిటని అడిగారు. చేయి తిరిగినవారు ముందుగానే కోసి, శుభ్రం చేసి, విద్యార్థులకు చూపడానికి సిద్ధం చేసిన దేహభాగం అది. లాటిన్‌లో ‘సెకారే’ అంటే కోయడం. ‘ప్రొసెకారే’ అనేది బలిపశువులో దేవతకిచ్చే భాగాలను కోసి వేరుచేయడానికి వాడిన మాట. కోసి సిద్ధం చేసే మనిషి ప్రొసెక్టర్.

కోసిపెట్టిన భాగాన్ని చూస్తే ఏం వస్తుందిలే అని తీసిపారేసేవారంటే నాకు కోపం. వరంగల్‌లో ఎం.బి.బి.ఎస్. మొదటి సంవత్సరంలో మా మేడమ్ చంక భాగాన్ని సిద్ధం చేస్తుంటే పక్కనే నిలబడి చూశాను. దేహం చెడిపోకుండా వాడే ఫార్మలిన్ ఘాటుకు మా కళ్లు నీళ్లు కారుతున్నాయి, ఆవిడ మాత్రం తల ఎత్తలేదు. కత్తి వాడింది తక్కువ. ఫోర్సెప్స్ (చిన్న పట్టకారు) మొనతో కొవ్వును పీచుపీచుగా లాగుతూ, ధమని ముందు నుంచి వెళ్లే నరాలను ఒక్కొక్కటే విడదీశారు. చివరికి పుస్తకంలో చెప్పిన ఇంగ్లీషు ‘ఎం’ అక్షరం ఆకారం తేటగా బయటపడింది. బోర్డు మీద పసుపు సుద్దతో గీసిన నరం, అసలు దేహంలో ధమనితో కలిసిపోయి మట్టిరంగులో ఉంటుంది. వేలితో తాకి తేడా పట్టుకోవాలి. అందుకే నమూనాలకు ఎరుపు, నీలం రంగులు పూయడం నాకు నచ్చదు. రోగి ఒంట్లో రంగులు పూసి ఉండవు కదా!

మధ్యయుగాల ఐరోపాలో ఆచార్యుడు పీఠం మీద కూర్చుని గ్రంథం చదివేవాడు, కింద మంగలి వైద్యుడు కోసేవాడు. 1543లో శరీర నిర్మాణ శాస్త్రవేత్త వెసాలియస్ తానే కోస్తున్న బొమ్మను తన గ్రంథం ముఖపత్రంపై వేయించాడు. మన దేశంలో 1836లో కలకత్తాలో వైద్యుడు మధుసూదన్ గుప్తా, కులం కట్టుబాట్లను కాదని, శవాన్ని కోయడానికి కత్తి పట్టారు. నా దృష్టిలో మా మేడమ్ ఆ వరుసలోని మనిషే. కోసిందీ ఆవిడే, పాఠం చెప్పిందీ ఆవిడే.

ఇప్పుడు తెలంగాణలో జిల్లాకో వైద్య కళాశాల వచ్చింది. దేహదానం మాట ఎత్తితే మాత్రం ఇంట్లోవాళ్లే నోరు నొక్కేస్తారు. చక్కగా చేసిన ఒక్క ప్రొసెక్షన్ ఏళ్ల తరబడి ఎన్నో బ్యాచ్‌లకు పనికొస్తుంది, కానీ దానికీ ముందు ఒక దేహం కావాలి. సమ్మతి పత్రం దగ్గరలోని వైద్య కళాశాల అనాటమీ (శరీర నిర్మాణ శాస్త్ర) విభాగంలో అడిగితే ఇస్తారు. నేనూ నా భార్యా సంతకాలు చేసి ఇచ్చాం, మా పిల్లలకూ చెప్పి ఉంచాం.