పిల్లలకు చక్రవడ్డీ కంటే ముందు ‘నెలకా, ఏడాదికా?’ అని అడగడం నేర్పండి

క్రెడిట్ కార్డు అప్పు గురించి, చక్రవడ్డీ గురించి పిల్లలకు ఏ వయసులో, ఎలా చెప్పాలని అడిగారు. శాతాలు వచ్చిన పిల్లలకు ఎప్పుడైనా చెప్పవచ్చు. వయసు పెద్ద విషయం కాదు. అసలు చిక్కు కొలతలో ఉంది. బడిలో వడ్డీని ఏడాదికి ఇంత శాతమని నేర్పుతారు, ఇళ్లలోనేమో నూటికి నెలకు ఇన్ని రూపాయలని మాట్లాడుకుంటారు. కార్డు బిల్లు మాత్రం శాతం గుర్తును బడి నుంచి, నెల లెక్కను వడ్డీ వ్యాపారి నుంచి తీసుకుంటుంది.

మా అమ్మాయి ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు, మా ఇంటికి వచ్చిన మా బావమరిది తన కార్డు బిల్లును బల్ల మీద పెట్టి కాఫీ తాగుతున్నాడు. అప్పుడే చక్రవడ్డీ పాఠం పూర్తిచేసిన పిల్ల దాన్ని తిరగేసి, "నీకు మూడున్నర శాతమేనా మామయ్యా? మా లెక్కల్లో అందరికీ పది శాతం వేస్తారు" అంది. ఇంజనీరింగు చదివిన ఆ మామయ్య, పైగా బిల్లంతా కట్టనక్కర్లేదు, అందులో కొద్ది భాగమైన కనీస మొత్తం కడితే సరిపోతుందని మురిపెంగా చెప్పాడు. చిక్కుడుకాయలు ఒలుస్తున్న మా అమ్మ తల ఎత్తకుండానే "నెలకా, ఏడాదికా?" అని అడిగింది. నెలకేనని తేలగానే, "మూడున్నర రూపాయల వడ్డీయా! రెండు రూపాయలకు నోటు రాసిచ్చిన రాత్రి మీ తాతయ్య కంటి మీద కునుకు వేయలేదే" అని మనవరాలితో అంది.

పిల్ల వెంటనే ఆ బిల్లు వెనకనే లెక్క మొదలుపెట్టింది. నెలకు మూడున్నర శాతమంటే బారువడ్డీగా ఏడాదికి 42 శాతం. నెలనెలా అసలులో కలుపుకుంటూ పోతే 51 శాతం దాటుతుంది, ఏమీ కట్టకపోతే ఇరవై నెలలకు అప్పు దాదాపు రెట్టింపవుతుంది. బిల్లు 50,000 రూపాయలైతే, అందులో కనీస మొత్తంగా 5 శాతం, అంటే 2,500 కట్టారనుకుందాం. మిగిలిన 47,500 మీద మరుసటి నెల వడ్డీ 1,662, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ 299. కొన్న రోజు నుంచే పడే వడ్డీని పక్కన పెట్టినా, కట్టిన 2,500లో అప్పును నిజంగా తగ్గించింది 540 రూపాయలకు కూడా తక్కువే. ఇది చూశాక మా బావమరిది కాఫీ చల్లారిపోయింది.

కనీస మొత్తమే కడుతూ పోతే అప్పు ఏళ్ల తరబడి సాగుతుందన్న హెచ్చరిక బిల్లులో ఉండాలని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది; ఉంటుంది కూడా, భూతద్దం పెట్టి చూస్తే కనబడేంత అక్షరాల్లో. వడ్డీకి గరిష్ఠ పరిమితి మీద ఆశ పెట్టుకోనక్కర్లేదు: ఏడాదికి 30 శాతం మించకూడదని 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ ఇచ్చిన తీర్పును 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు కొట్టివేసింది. లెక్కల పుస్తకాలదీ తప్పు ఉందనే నా అభిప్రాయం. అందులో రాము ఎప్పుడూ బ్యాంకులో డబ్బు దాచుకునేవాడే, లేదా మూడేళ్లకు ఒకేసారి అప్పు తీర్చేసే బుద్ధిమంతుడే. కనీస మొత్తం కట్టి సెల్‌ఫోను కొన్న రాము ఒక్క అభ్యాసంలోనూ కనబడడు. ఆ ఒక్క లెక్క ఇస్తే చక్రవడ్డీ సూత్రాన్ని పిల్లలు బట్టీ పట్టవలసిన అవసరమే ఉండదు.

కాబట్టి మీ పిల్లలకు నీతులు చెప్పకుండా, పాత బిల్లు ఒకటి ఇచ్చి, పైన చెప్పిన లెక్కను వాళ్ల చేతనే చేయించండి. బిల్లు డబ్బు ఖాతా నుంచి దానంతటదే కట్టేలా ఆటో డెబిట్ పెట్టే చోట ‘పూర్తి మొత్తం’, ‘కనీస మొత్తం’ అని రెండు గడులు ఉంటాయి, వాటినీ చూపించండి. మా బావమరిది రెండో గడిలో టిక్కు పెట్టి ఉంచాడు. ఆ సాయంత్రం అతను ఇంటికి వెళ్లేలోపు మా అమ్మాయి పక్కన కూర్చుని దాన్ని మార్పించింది.