జాజ్ సోలోని విని రాసుకోవడం ఎలా మొదలుపెట్టాలి?

శాక్సఫోన్ వాద్యకారుడు చార్లీ పార్కర్ సోలో (ఒక్కరే ముందుండి అప్పటికప్పుడు అల్లుతూ వాయించే భాగం) రాయబోయి, రెండు బార్లకే (బార్ అంటే తాళంలో ఒక ఆవర్తం లాంటిది) చేతులెత్తేశానని మీరు అన్నారు. లోపం మీ చెవిలో లేదు, ఎంపికలో ఉంది. మైల్స్ డేవిస్ 1959లో రికార్డు చేసిన ‘సో వాట్’లోని ట్రంపెట్ సోలో తీసుకోండి. స్వరాలు తక్కువ, మధ్యలో ఖాళీ ఎక్కువ. పైగా 32 బార్లలో 16 డీ డోరియన్ (డీ స్వరం నుంచి మొదలయ్యే ఒక స్వరశ్రేణి), 8 ఈ ఫ్లాట్ డోరియన్, మళ్లీ 8 డీ డోరియన్, అంతే.

ముందు వాయిద్యం, కాగితం పక్కన పెట్టేయండి. ఒక్క ఫ్రేజు (ఒక్క ఊపులో వచ్చే చిన్న స్వరాల వరస) తీసుకుని, రికార్డింగ్ ఆపేసినా తడబడకుండా పాడగలిగేదాకా వినండి. చాలామంది దాటేసేది ఇదే. పాడలేని ఫ్రేజుని వాయిద్యం మీద వెతకడమంటే చీకట్లో తడుములాటే.

తర్వాత మొదటి, చివరి స్వరాలు పట్టుకోండి. మధ్యవి తేలిగ్గా దొరుకుతాయి. వేగంగా ఉన్నచోట శ్రుతి మారకుండా స్పీడు సగానికి తగ్గించే యాప్ వాడొచ్చు. సరిచూసుకోవడం మాత్రం అసలు స్పీడులోనే, ఎందుకంటే నెమ్మదిస్తే స్వింగ్ నడక (జంట స్వరాల్లో మొదటిది పొడుగ్గా, రెండోది పొట్టిగా పలికే జాజ్ లయ) సాగిపోయి వేరేలా వినిపిస్తుంది. ఆ నడకని లెక్కకట్టి రాయాలని టెన్షన్ పడొద్దు: ఎయిత్ నోట్లు (సాధారణంగా అర బీటు స్వరాలు) సమానంగానే రాసి పైన ‘స్వింగ్’ అని పెడితే చాలు. సగం మింగేసినట్టుండే ఘోస్ట్ నోట్లకి ఇంటూ గుర్తు వేస్తారు.

ట్రంపెట్ కోసం అచ్చయిన ప్రతితో పోల్చి చూస్తే, అందులో స్వరాలన్నీ పియానో మీద దొరికేవాటి కంటే ఒక టోన్ (రెండు అర మెట్లు) పైన ఉంటాయి; ట్రంపెట్‌కి అలాగే రాస్తారు. కంగారుపడి మీది దిద్దేయకండి.