లోతు తక్కువ సముద్రంలోని వేడినీటి బుగ్గల దగ్గర సూక్ష్మజీవులు ఎలా బతుకుతాయి?

వేల మీటర్ల లోతున ఉండే బుగ్గల గురించి చాలామంది వినే ఉంటారు. మీరు అడిగింది 200 మీటర్ల లోపు ఉండే వాటి గురించి. ఇక్కడ అసలు తేడా వెలుతురు. లోతు బాగా తక్కువైన చోట ఎండ అడుగుదాకా చేరుతుంది. కాబట్టి ఎండతో ఆహారం తయారుచేసుకునే శైవలాలు (నాచు లాంటివి), రసాయనాలతో తయారుచేసుకునే బ్యాక్టీరియా పక్కపక్కనే బతుకుతాయి.

గ్రీస్‌లోని మీలోస్ దీవి దగ్గర ఇసుక మీద తెల్లటి పొరలు కనిపిస్తాయి. బుగ్గతో వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్‌ను (కుళ్లిన గుడ్డు వాసన దీనిదే) అక్కడి బ్యాక్టీరియా ఆక్సిజన్‌తో కలిపి, ఆ శక్తితో కార్బన్ డయాక్సైడ్‌ను ఆహారంగా మార్చుకుంటాయి. ఆ ఆక్సిజన్ మళ్లీ ఎండ మీద ఆధారపడ్డ జీవులు ఇచ్చిందే! అందుకే ఇవి సూర్యుడితో బొత్తిగా సంబంధం లేని జీవులు అనడం నాకు సరిగా అనిపించదు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇటలీలోని వుల్కానో దీవి కథ. అక్కడి తీరంలో వేడెక్కిన ఇసుక నుంచి జర్మన్ సూక్ష్మజీవ శాస్త్రవేత్త కార్ల్ స్టెట్టర్ బృందం పైరోకాకస్ ఫ్యూరియోసస్ అనే ఆర్కియాను (చూడ్డానికి బ్యాక్టీరియాలా ఉన్నా వేరే వర్గానికి చెందిన సూక్ష్మజీవి) వేరుచేసి, 1986లో ప్రకటించింది. దానికి బాగా నప్పే వేడి 100 డిగ్రీల సెల్సియస్! ఆక్సిజన్ దానికి పడదు. డీఎన్‌ఏకు నకలు తీసే దాని ఎంజైమ్ (డీఎన్‌ఏ పాలిమరేజ్) వేడికి చెడిపోదు, నకలు తీసేటప్పుడు పడ్డ తప్పులను తానే దిద్దుకుంటుంది. అందుకే తప్పుల్లేని నకళ్లు కావాల్సినప్పుడు పీసీఆర్ (డీఎన్‌ఏ ముక్కకు ఎన్నో నకళ్లు తీసే పద్ధతి) చేసే ల్యాబుల్లో నేటికీ ఈ ఎంజైమ్‌ను వాడుతున్నారు.